పోనీలున్న తోటలో రెండు రాత్రులు: వరంగల్ చుట్టూ ఎటు వెళ్తే మేలు

పిల్లలతో పోనీ స్వారీకి, టెంట్లో బసకు వెళ్ళేట్టయితే ఇదీ లెక్క: ఆరేళ్ళలోపు పిల్లలుంటే ధర్మసాగర్ వైపు తోట, అంతకన్నా పెద్దవాళ్ళుంటే రామప్ప వైపు తోట. పాకాల దారిలోని తోటకు చెరువు కోసం వెళ్ళొచ్చు గానీ గుర్రాల కోసమైతే వద్దు. మూడు చోట్లా టెంట్లు దాదాపు ఒకటే, మంట చుట్టూ కుర్చీలు ఒకటే, ఫోన్లో పంపే ఫొటోలూ ఒకటే. తేడా అంతా గుర్రం తాడు పట్టుకునే మనిషి దగ్గరే ఉంది.

ధర్మసాగర్ హన్మకొండకు అరగంట, ముప్పావుగంట దూరం. రాత్రి పిల్లవాడికి జ్వరమొస్తే బండి తీసి ఊళ్ళోకి రావొచ్చు. చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఇంతకన్నా పెద్ద వసతి లేదు. రామప్ప గుడి ఉన్న పాలంపేట సుమారు 70 కిలోమీటర్లు, ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర జాతీయ రహదారి వదిలి లోపలికి తిరగాలి. పాకాల నర్సంపేట మీదుగా 50 కిలోమీటర్ల పైచిలుకు. అది అభయారణ్యం కాబట్టి చెరువు గట్టున రాత్రి మకాం, మంట కుదరవు. చీకటి పడేలోపు తోటకు చేరుకోవాల్సిందే.

ఇక గుర్రాల సంగతి. పోనీ అంటే గుర్రప్పిల్ల అనుకునేవాళ్ళు చాలామంది. కాదు. మెడ, వీపు కలిసే చోట కొలిస్తే 147 సెంటీమీటర్ల లోపు ఉండే పొట్టి జాతి గుర్రమది, పూర్తిగా ఎదిగినదే. పిల్లలెక్కడానికి 100 నుంచి 120 సెంటీమీటర్లది బాగుంటుంది. పక్కన నడిచే మనిషి చెయ్యి పిల్లవాడి నడుముకు తేలిగ్గా అందుతుంది. బరువు లెక్క కూడా చూసుకోవాలి. జీనుతో కలిపి గుర్రం బరువులో ఐదో వంతుకు మించి ఎక్కించకూడదు. 200 కిలోల పోనీకి 40 కిలోలు హద్దు. జీను ఐదారు కిలోలు తీసేస్తే పిల్లవాడికి మిగిలేది 34. బొద్దుగా ఉండే పదేళ్ళవాడు అక్కడికే వచ్చేస్తాడు. ఇక సెల్ఫీ కోసం నాన్నలు ఎక్కడం గురించి చెప్పేదేముంది! పాకాల దారి తోటలో అడిగినవాళ్ళనల్లా ఎక్కించారు. పేరు పోనీ కదాని అంతటికీ ‘పోనీలే’ అనేస్తే ఎట్లా?

మన దగ్గర తోటల్లో కనిపించే గుర్రాల్లో పెళ్ళి బరాత్‌లకు తిరిగేవీ ఉంటాయి. మాఘమాసం ముహూర్తాల్లో రాత్రి రెండింటి దాకా డీజే పక్కన నిలబడ్డ గుర్రం పొద్దున ఏడింటికి పిల్లల్ని మోయాలంటే దానికి ఓపిక ఎక్కడిది? చెవులు వెనక్కి అణిచి, తోక టపటపా కొడుతుంటే ఆ పూట దాన్ని వదిలేయండి. అందుకే బుకింగ్ చేసేటప్పుడు ‘అన్నా, ఇవి బరాత్‌లకు పోతయా?’ అని ముందే అడగాలి. పుష్యమాసంలో పెళ్ళిళ్ళుండవు. సంక్రాంతి సెలవులు ఎక్కువగా ఆ నెలలోనే పడతాయి. చలీ బాగుంటుంది, గుర్రాలూ తోటలోనే ఉంటాయి. మూడూ కలిసొచ్చేది అప్పుడే.

డబ్బు కట్టకముందు ఒకసారి గుర్రం చుట్టూ నడిచి చూడండి, ఎదురుగానూ తోక వెనకా కాకుండా భుజం వైపు నుంచి. సరిగ్గా ముక్కు ముందున్నదీ, తోక వెనకున్నదీ దానికి కనపడవు. అక్కడి నుంచి చెయ్యి వేస్తే బెదురుతుంది. జీను కింది గుడ్డ ఎత్తించి వీపు చూడండి. వెంట్రుకలు ఊడి నున్నగా మెరిసే మచ్చలుంటే అవి పాత పుండ్లు, పచ్చిగా ఉంటే ఆ జీను దానికి సరిపడింది కాదు. డెక్కలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కాలి. ముందుకు చెప్పులా సాగి, అంచులు పగిలి ఉంటే ఎవరూ పట్టించుకోవడం లేదన్నట్టే. నోట్లో ముళ్ళ కళ్లెం ఉంటే మాత్రం బేరం కూడా ఆడొద్దు. బరువు మోసే పశువుల మీద 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలే దాన్ని నిషేధించాయి. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా వాటితో పని చేయించొద్దన్నదీ ఆ నిబంధనల్లోనే ఉంది. ఉత్తర తెలంగాణలో మార్చి నుంచే ఆ ఎండలు మొదలవుతాయి. స్వారీ పొద్దున 9 లోపు, సాయంత్రం 5 తర్వాత. ఫిబ్రవరి దాటితే ఈ యాత్రే మానుకోవడం మంచిది.

ఎక్కించేటప్పుడు జరిగే పొరపాటు రికాబు దగ్గర, అంటే జీనుకు వేలాడుతూ పాదం పెట్టుకునే కడియం దగ్గర. పెళ్ళి జీనులకు రికాబులు పెద్దవాళ్ళ కాళ్ళకు సరిపడా కిందికి వేలాడతాయి. పిల్లల కాళ్ళు అందవు. అప్పుడు గుర్రాలతను ఏం చేస్తాడంటే, రికాబు వేలాడే తోలు పట్టీ మడతలో పాదం దోపుతాడు. చూడ్డానికి కుదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. పిల్లవాడు జారితే మాత్రం ఆ కాలు ఊడిరాదు, గుర్రం బెదిరి పరిగెత్తితే ఈడ్చుకుపోతుంది. పట్టీ పొట్టిగా మార్చే వీల్లేకపోతే కాళ్ళు వదిలేసి, పక్కన మనిషి నడుం పట్టుకు నడవడమే నయం. రికాబు అందినా పాదం ముందు భాగమే అందులో ఉండాలి. రికాబు బూటుకన్నా రెండు వేళ్ళు వెడల్పుండాలి. మడమ కొంచెం ఎత్తున్న బూట్లయితే పాదం అవతలికి దూరిపోదు. చెప్పులు, క్రాక్స్ పనికిరావు.

రెండోది పొట్ట పట్టీ. పట్టీ బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. బిగించాక ఇరవై అడుగులు నడిపించి మళ్ళీ బిగించాలి. లేకపోతే మలుపులో జీను, పిల్లవాడు కలిసి పక్కకు తిరిగిపోతారు. ధర్మసాగర్ తోటలో పెద్దాయన అడక్కుండానే ఈ పని చేశాడు. పాకాల దారిలో కుర్రవాడు ఫోన్ చూసుకుంటూ తాడు చేతికి చుట్టుకున్నాడు. తాడు చేతికి చుట్టుకోవడమంటే గుర్రం లాగిన రోజు వేళ్ళు పోగొట్టుకోవడమే. హెల్మెట్లు రామప్ప వైపు తోటలో ఉన్నాయి గానీ అన్నీ ఒకటే సైజు. తల ఊపితే జారే హెల్మెట్ ఉన్నా లేనట్టే. ఇంటి నుంచి తీసుకెళ్ళడం ఉత్తమం.

రౌండు లెక్కన డబ్బు తీసుకునే చోట రౌండు ఎంతసేపో అడగండి. గంట లెక్కనైతే నలుగురు పిల్లలకు ఒక్క గుర్రమిస్తే తలా పావుగంట కూడా రాదు, ఎక్కీ దిగే టైము అందులోనే పోతుంది. నిజానికి ఆరేళ్ళలోపు వాళ్ళకు పది నిమిషాల స్వారీ చాలు. వాళ్ళకు ఎక్కువ నచ్చేది గుర్రానికి మేత పెట్టడం, మాలీసు చేయడం. క్యారెట్‌ను గుండ్రంగా కాకుండా నిలువుగా పొడుగు ముక్కలు కోయాలి, గుండ్రటివి గొంతులో అడ్డం పడతాయి. అరచెయ్యి చాచి, వేళ్ళన్నీ దగ్గరికి చేర్చి, బొటనవేలు మడవకుండా పెట్టాలి. బిస్కెట్లు, మిగిలిన అన్నం వద్దు. గుర్రానికి కక్కే వీలు లేదు, కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికొస్తుంది.

టెంటు గురించి. నలుగురి టెంటని అమ్మేది ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కదలకుండా పడుకుంటే సరిపోయేది. డిసెంబరులో తెల్లవారుజామున మంచు ధారాళంగా కురుస్తుంది. చలేస్తోందని జాలీలన్నీ మూసేస్తే లోపలి ఊపిరి తేమంతా గుడ్డకు పట్టి దుప్పట్ల మీద చుక్కలు రాలతాయి. పైన కొద్దిగా తెరిచి ఉంచాలి. కింద పరిచే పట్టా టెంటు అంచు దాటి బయటికి రాకూడదు, వస్తే మంచు నీళ్ళన్నీ దాని మీద చేరి టెంటు కిందికి జారతాయి. రామప్ప వైపు తోటలో నాలుగు టెంట్లకూ ఇదే తప్పు. చెప్పాక పట్టా అంచులు లోపలికి మడిచారు, రెండో రాత్రి పొడిగానే గడిచింది. తాటిచెట్టు కింద టెంటు వేస్తే మార్చమనండి, మట్ట ఊడి పడితే గుడ్డ ఆపదు.

నేల మీద పరుపుకన్నా నులక మంచం, దోమతెర నయం. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళ దగ్గరికే వస్తుంది. దాని కాటు నొప్పి కూడా తెలీదు. రాత్రి కడుపునొప్పి, కనురెప్పలు వాలడం కనపడితే కోయడం, కట్టడం లాంటివేమీ చేయకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి పోవాలి. ములుగులో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, వరంగల్‌లో ఎంజీఎం ఉంది. తాడ్వాయి అడవి వైపు వెళ్ళేకొద్దీ సిగ్నల్ పోతుంటుంది. ఏ సిమ్ పనిచేస్తుందో తోటవాళ్ళనే అడిగి వెళ్ళండి.

పక్క చేనుల సంగతి ఎవరూ అడగరు. పత్తి, మిర్చి చేలకు మందు కొట్టే రోజుల్లో గాలి ఇటు తిరిగితే పిల్లలకు తలనొప్పి, వాంతులు. గట్టు గడ్డి మేసే గుర్రానికీ అదే గండం.

తిండికి ధర్మసాగర్ తోటకే మార్కులు. కట్టెల పొయ్యి మీద గంజుకు అద్దిన సర్వపిండి, జొన్న రొట్టె, నాటుకోడి కూర, పిల్లలకు కారం తగ్గించి విడిగా వండారు. రామప్ప వైపు ఫ్రైడ్ రైస్ పెట్టారు. తెచ్చుకున్నవి టెంట్లో పెడితే కోతులు జిప్పు కూడా తీస్తాయి. కారు డిక్కీలో పెట్టండి.

రామప్పకు పొద్దున గుడి తెరవగానే వెళ్తే గంటన్నర చాలు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. పిల్లలకు శిల్పాల పేర్లు చెప్పేకన్నా అడుగు వరుసలో చుట్టూ తిరిగే ఏనుగుల్ని లెక్కపెట్టమనండి. అక్కడి నుంచి లక్నవరం వేలాడే వంతెన దగ్గరే గానీ ఆదివారం మధ్యాహ్నం జనంలో తోపులాట, మామూలు రోజుల్లోనే బాగుంటుంది. మేడారం జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. ఆ వారం, దాని ముందు వారాంతాలూ ఈ దారి పెట్టుకోవద్దు.

తిరిగి బయల్దేరేముందు పిల్లల చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ళ వెనక గోమార్లు (రక్తం పీల్చే పురుగులు) ఉన్నాయేమో వెతకండి. ఉంటే నూనె రాయకుండా, అగ్గిపుల్ల పెట్టకుండా, సన్నటి చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగేయాలి.