ఐఆర్ఏ తుపాకీనా, జాన్ హ్యూమ్ దారా: ఏది న్యాయం?

1967 అక్టోబర్ 31న మా శ్రీకాకుళం వేపు మొండెంఖల్‌లో గిరిజన సంఘం సభకి వెళ్తున్న గిరిజనులు కోరన్న, మంగన్నల్ని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. అందుకే తుపాకీ పట్టడం తప్పని మా వేపు ఎవరూ తేలిగ్గా అనెయ్యరు. ఈ మధ్య ఐర్లాండ్ చరిత్ర చదువుతున్న కుర్రోళ్ళు పదే పదే ఒకటే అడుగుతున్నారు, బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లాండ్‌ని ఐర్లాండ్‌లో కలపాలని తుపాకీ పట్టిన ఐఆర్ఏ చేసింది తప్పెలా అవుద్ది, ఓట్లతో, మాటలతోనే సాధించాలన్న అక్కడి కాథలిక్ నాయకుడు జాన్ హ్యూమ్ శాంతి దారి ఏటి సాధించింది అని.

ఐఆర్ఏ పక్షాన గట్టి వాదనే ఉంది. 1972 జనవరి 30న ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ ఊళ్ళో కాథలిక్కుల హక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపితే 13 మంది అక్కడే పోయారు, తర్వాత ఇంకొకరు. అది అన్యాయమని ఒప్పుకుని ప్రధాని క్షమాపణ చెప్పడానికి 2010 దాకా పట్టింది. శాంతిగా నడిచినా ఇదేనా అని ఆ తర్వాత ఐఆర్ఏలో చేరిన కుర్రాళ్ళని తప్పుపట్టే నోరు నాకు లేదు.

కానీ అదే ఏడాది జూలై 21న బెల్‌ఫాస్ట్‌లో ఐఆర్ఏ ఇరవై దాకా బాంబులు వరసపెట్టి పేల్చింది. ముందే ఫోన్ చేసి చెప్పాం కదా అన్నారు, ఊరంతా బాంబులుంటే జనాన్ని ఎటని పంపుతారు? తొమ్మిది మంది పోయారు, బస్ స్టేషన్ దగ్గర శరీరాల ముక్కలు ఏరి సంచుల్లో వేశారు. ఆ డిసెంబర్‌లోనే పదిమంది పిల్లల తల్లిని ఇన్ఫార్మర్ అని ఇంట్లోంచి లాక్కెళ్ళి చంపి పాతేశారు, ఎముకలు 2003లో దొరికాయి. ఆవిడ ఉండేది ఐఆర్ఏ వాళ్ళ సొంత కాథలిక్ పేటలోనే.

బ్రిటన్‌తోనే ఉండాలని తుపాకీ పట్టిన లాయలిస్టు గ్రూపుల గురించి, అంటే యూవీఎఫ్, యూడీఏ, ఎక్కువ చెప్పక్కర్లేదు. కాథలిక్ అయితే చాలని ఎంతోమందిని చంపారు, దానికి ఏ లెక్కలోనూ న్యాయం లేదు.

నాకు తేల్చేసే విషయం వేరే ఉంది. ఎవరి పేరు చెప్పి తుపాకీ పట్టారో ఆ జనం ఏమన్నారు? 1980ల్లో ఐఆర్ఏ వేపు పార్టీ షిన్ ఫేన్ ఎన్నికల్లోకి దిగాక కూడా నేషనలిస్టు ఓట్లు, అంటే ఐక్య ఐర్లాండ్ కోరేవాళ్ళ ఓట్లు, హ్యూమ్ పార్టీ ఎస్డీఎల్పీకే ఎక్కువ పడుతూ వచ్చాయి, జైల్లో నిరాహార దీక్షలో పదిమంది ఖైదీలు చచ్చిపోయిన 1981 తర్వాత కూడా అంతే. ఎస్డీఎల్పీని షిన్ ఫేన్ దాటింది 2001లో, తుపాకులు ఆగాక. ఇంకోటి, కౌన్సిల్ ఎన్నికల్లో మనిషికో ఓటు అన్న డిమాండ్‌ని అక్కడి ప్రభుత్వం 1969 ఏప్రిల్‌లోనే ఒప్పుకుంది, ఈ బాంబులు పేల్చిన ప్రొవిజనల్ ఐఆర్ఏ పుట్టింది ఆ డిసెంబర్‌లో.

మన బరంపురం వి.వి.గిరి గారు 1913లో డబ్లిన్‌కి లా చదవడానికెళ్ళి, అక్కడ బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటు తర్వాత ఆ దేశం వదిలి రావాల్సొచ్చింది. తుపాకీ తిరుగుబాటు దగ్గర్నుంచి చూసిన ఆయనే 1937లో బొబ్బిలి రాజాని బొబ్బిలిలోనే ఓట్లతో ఓడించారు.

గిరిజనుల భూములు గిరిజనేతరులకి పోకుండా ఆపే 1/70 చట్టం మా శ్రీకాకుళం పోరాటం వల్లే వచ్చిందని మా పెద్దోళ్ళు అంటారు, ఆ మాట నేను కొట్టిపారెయ్యను, గిరిజనులే ముందు నడిచిన పోరాటం అది. ఐర్లాండ్‌లో మాత్రం 3,500 మందికి పైగా పోయాక, ఐక్య ఐర్లాండ్ కావాలంటే ఉత్తరాన మెజారిటీ ఒప్పుకోవాలని 1998 ఒప్పందంలో రాసుకున్నారు. హ్యూమ్ మొదట్నుంచీ చెప్తున్నది అదే.