మేడారం బెల్లంతో మొదలైన చీమల గొడవ: రెండేళ్లు బోరిక్ ఎర వాడిన అనుభవం

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లి వస్తూ సమ్మక్క సారలమ్మల బంగారం, అంటే బెల్లం, చిన్న ముద్ద ఇంటికి తెచ్చుకున్నాం. పూజగదిలో ఇత్తడి గిన్నెలో పెట్టి పైన పళ్లెం బోర్లించాం. మర్నాడు పొద్దున దీపం పెట్టడానికి వెళ్లిన అత్తమ్మ నన్ను కేకేశారు. వెళ్లి చూస్తే పళ్లెం అంచు కింద నుంచి గోడ మీదుగా కిటికీ దాకా దారం కన్నా సన్నటి గీత ఒకటి కదులుతోంది. వంగి ముఖం దగ్గర పెడితే గానీ అవి చీమలని తెలియలేదు.

మాది హనుమకొండ బాలసముద్రంలో పాత ఇల్లు. చెక్క కిటికీలు, వంటింటి వెనక జామచెట్టు, కరివేపాకు మొక్క. గండు చీమలు, కుట్టే ఎర్ర చీమలు మాకు కొత్త కాదు. ఇవి మాత్రం వేరే రకం. మా అమ్మాయి భూతద్దం తెచ్చి చూపించింది: తల నల్లగా ఉంది, పొట్టా కాళ్లూ పాలిపోయి దాదాపు పారదర్శకంగా ఉన్నాయి. తెల్లటి టైల్సు మీద నడుస్తుంటే తలలే చుక్కల్లా కదులుతాయి, మిగతా ఒళ్లు కనిపించదు. పొడవు ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుందేమో. వేళ్ల మధ్య నలిపితే మురిగిన కొబ్బరి వాసన వచ్చింది. ఈ వాసన గుర్తు పెట్టుకోండి, రకం పోల్చుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. దీన్ని ఘోస్ట్ యాంట్ అంటారు. శాస్త్రీయ నామం టాపినోమా మెలనోసెఫాలం. ఆ రెండో మాటకు నల్లతల అనే అర్థం.

మొదటి రెండు నెలలు అందరిలాగే నేనూ చంపడం మీదే పడ్డాను. చీమల సుద్దముక్కతో గడప దగ్గర, గ్యాస్ గట్టు అంచున, పూజగది మూలల్లో గీతలు గీశాను. అందులో సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందు ఉంటుంది. గీత తాకిన చీమ చస్తుంది, నిజమే. సాయంత్రానికి ఇల్లు శుభ్రంగా కనిపించింది. రెండో రోజు గీత లేని చోటు నుంచి వచ్చాయి. తరవాత డబ్బా స్ప్రే తెచ్చి కిటికీ చట్రం పగుళ్లలోకి కొట్టాను. వారం పాటు నిశ్శబ్దం. ఏప్రిల్ వచ్చేసరికి ఒక్క దారి కాస్తా మూడయింది: పూజగది, వంటింటి సింకు, స్నానాలగది కుళాయి.

ఇక్కడే అసలు విషయం ఉంది. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మా పెదనాన్న ఒకరోజు ఇంటికి వచ్చినప్పుడు అడిగితే వివరంగా చెప్పారు. “అమ్మా, నువ్వు చంపుతున్నది బయటికి వచ్చిన కూలీలను. గూట్లో ఉన్న రాణులకు నీ సుద్దముక్క సంగతే తెలియదు” అన్నారు. ఈ రకంలో ఒక్కో గూటికి ఒకే రాణి కాదు, చాలా రాణులు ఉంటాయి. కూలీల మీద మందు పడి అలజడి రేగితే గూడు చీలుతుంది, కొన్ని రాణులు కొన్ని కూలీలను వెంటబెట్టుకుని వేరే పగుల్లో కాపురం పెడతాయి. మూడు దారులు పుట్టింది అలాగే.

మధ్యలో ప్రయత్నించిన ఇంటి చిట్కాల గురించి ఎక్కువ చెప్పను. పసుపు, కర్పూరం, లవంగాలు, నిమ్మరసం అన్నీ చూశాను. వాసన ఉన్నంత సేపు చీమలు పక్కకు తిరుగుతాయి, అంతే. వెనిగర్ నీళ్లతో తుడిస్తే అవి వేసుకున్న వాసన బాట చెరిగి కొన్ని గంటలు తికమకపడతాయి. వాటిలో పాతకాలపు నీళ్ల పళ్లెం ఒక్కటే నేటికీ మానలేదు. చక్కెర డబ్బాను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టడం మన అమ్మమ్మల నాటి పద్ధతి. అయితే నీటి మీద దుమ్ము తెట్టు కడితే ఇంత తేలికైన చీమలు దాని మీద నడిచి దాటేస్తాయి. ఆ నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేస్తే ఇక దాటలేవు. నీళ్లు మాత్రం రోజూ మార్చాలి.

పెదనాన్న చెప్పిన మందు బోరిక్ పొడి. క్యారం బోర్డు మీద చల్లేది చాలాచోట్ల ఇదే. మందుల దుకాణంలోనూ దొరుకుతుంది. కంసాలులు టంకం పెట్టేటప్పుడు వాడే వెలిగారం కూడా ఇదే కుటుంబానిది. ఎదిగిన చీమ గట్టి పదార్థాన్ని మింగలేదు, ద్రవాన్ని తాగుతుంది. తాగింది తనకోసమే ఉంచుకోదు, గూటికి వెళ్లి నోటి నుంచి నోటికి మిగతావాటికి, పిల్లలకు, రాణులకు పంచుతుంది. బోరిక్ మెల్లగా పనిచేస్తుంది కాబట్టి పంచే దాకా కూలీ బతికి ఉంటుంది. మెల్లగా అన్నదే దీని బలం.

నాకు మొదటిసారి ఈ మాట ఎక్కలేదు. ఘాటుగా ఉంటే తొందరగా పోతాయి కదా అని కప్పు చక్కెర నీళ్లలో రెండు చెంచాల పొడి కలిపి, ఒక సీసా మూతలో పోసి పెట్టాను. మధ్యాహ్నానికి మూత చుట్టూ చచ్చి పడ్డాయి. మర్నాడు ఆ మూత దగ్గరికి ఒక్కటీ రాలేదు, గూడు అలాగే ఉంది. తరవాత కొలత ప్రకారం కలిపాను: అరలీటరు గోరువెచ్చని నీళ్లు, 50 గ్రాముల చక్కెర, 5 గ్రాముల బోరిక్ పొడి. అంటే నూటికి ఒక పాలు మందు. ఇంట్లో అంత చిన్న తూకం లేదు. మా వీధి చివర నగలు చేసే ఆయన తన త్రాసులో తూచి అయిదు పొట్లాలు కట్టి ఇచ్చారు. ఆ అయిదు పొట్లాలు నాకు ఏడాదికి పైగా వచ్చాయి. చెంచా లెక్కన వేయకండి. పనిచేయలేదని ఎవరైనా చెబితే నేను మొట్టమొదట అడిగేది కొలత గురించే.

ఎర పెట్టే ముందు గూడు ఎక్కడుందో తెలుసుకోవాలనిపించింది. ఈ ఉపాయం మా అమ్మాయిది. మందు లేని ఉత్త చక్కెర నీళ్లలో స్వీట్లకు వేసే కేసరి రంగు కలిపి ఒక చుక్క కిటికీ గట్టు మీద పెట్టింది. అయిదు నిమిషాల్లో చుక్క చుట్టూ చీమలు కంఠహారంలా గుండ్రంగా చేరి తలలు లోపలికి పెట్టి నిలబడ్డాయి. కదలవు, పొట్టలు మాత్రం నెమ్మదిగా ఉబ్బుతున్నాయి. పారదర్శకమైన పొట్టలు కదా, లోపల నారింజ రంగు దీపం పెట్టినట్టు కనిపించింది. నిండిన చీమ వెనక్కి తిరిగి, ఎదురొచ్చిన ప్రతిదాని దగ్గరా క్షణం ఆగి, ముఖానికి ముఖం తాకించి వెళ్లింది. ఆ నారింజ చుక్కల వెంట చూపు పోనిస్తే కిటికీ చట్రానికి, గోడకు మధ్య బియ్యపు గింజంత పగులు దగ్గర అవి మాయమయ్యాయి. రెండు నెలలు ఇల్లంతా మందు కొట్టాను గానీ ఇంత నిదానంగా కూర్చుని చూసింది ఆ రోజే.

ఆ పగులుకు జానెడు దూరంలో ఎర డబ్బా పెట్టాను. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాకు కాల్చిన సూదితో కింది అంచున నాలుగు రంధ్రాలు పెట్టి, లోపల మందు నీళ్లతో తడిపిన దూది ఉంచాను. మొదటి రెండు రోజులు చీమలు తగ్గలేదు, రెట్టింపయ్యాయి. గోడ మీద వేలెడు వెడల్పు బారు. ఇంటికి వచ్చినవాళ్లు ఇదేమిటని అడిగారు. అత్తమ్మ తడిగుడ్డ పట్టుకుని వస్తే చెయ్యి పట్టుకుని ఆపాను. ఈ రెండు రోజులు తుడవకుండా, స్ప్రే కొట్టకుండా ఉండటమే దీనిలో కష్టమైన పని. అయిదో రోజుకు బారు పలచబడింది. మూడో వారానికి అక్కడొకటి ఇక్కడొకటి. చాలామంది ఆపేసేది ఇక్కడే, నేనూ ఆపబోయాను. గూట్లో అప్పటికే ఉన్న గుడ్లు పెరిగి కూలీలుగా బయటికి రావడానికి వారాలు పడుతుంది, ఆరు వారాలు దూది తడుపుతూనే ఉండు అని పెదనాన్న ఫోనులో గట్టిగా చెప్పారు. అన్నట్టే నాలుగో వారంలో చిన్న బారు మళ్లీ తేలింది. జూన్ మొదటి వారానికి అదీ పోయింది.

మన ఎండల్లో దీనికొక ఇబ్బంది ఉంది. మే నెలలో పొద్దున తడిపిన దూది మధ్యాహ్నానికి ఎండి, చక్కెర, మందు పలుకులుగా మిగులుతాయి. దాన్ని చీమలు ముట్టవు. అందుకే డబ్బాను రంజను కింద తడి ఇసుక పక్కకు మార్చాను. వేసవిలో చీమలు తీపి కన్నా చెమ్మ కోసమే ఎక్కువగా వస్తాయి, రంజను చుట్టూ ఎలాగూ తిరుగుతుంటాయి. పొద్దునా సాయంత్రం రెండుసార్లు తడపాలి. వానాకాలంలో దీనికి తిరకాసు: కలిపిన నీళ్లు వారానికల్లా పులిసి నురగ వస్తాయి, పారబోసి మళ్లీ కలపాలి. మృగశిర కార్తెలో తొలి వానలు పడి పెరట్లో గూళ్లు తడిస్తే కొత్త చీమలు ఇంట్లోకి వస్తాయి. ఒకసారి పోతే శాశ్వతంగా పోవు. ఏటా జూన్‌లో రెండు వారాలు ఎర పెట్టుకోవాల్సిందే. పగుళ్లలో తెల్ల సిమెంటు కూరిన తరవాత మాకు ఆ రెండో ఏడు బాగా తగ్గాయి. పగులు ముందే మూసేయకండి, లోపలి గూడు వేరే దారి వెతుక్కుంటుంది. ఎర పని అయ్యాకే మూయాలి.

2024 సద్దుల బతుకమ్మకు చేసిన పల్లి పొడి, నువ్వుల పొడి డబ్బాలకు మరో రకం పట్టింది. పసుపు రంగు, రెండు మిల్లీమీటర్లు, నలిపితే కొబ్బరి వాసన లేదు. ఇవి ఫారో చీమలు. హాలులో స్విచ్ బోర్డు లోంచి వస్తున్నాయి. చక్కెర ఎర పెడితే పక్క నుంచి వెళ్లిపోయాయి. అప్పుడవి నూనె సరుకు మీద ఉన్నాయి. వేయించిన పల్లీలు మెత్తగా ముద్ద నూరి, 100 గ్రాములకు 2 గ్రాముల బోరిక్ బాగా కలిపి శనగగింజంత బోర్డు కింద పెడితే ముసురుకున్నాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ ఆపి బోర్డు విప్పితే వెనక ఉప్పు పలుకుల్లా తెల్లటి పిల్లలు, గుడ్లు. ఆయన స్ప్రే కొడతానన్నారు, వద్దన్నాను. కరెంటు బోర్డులో మందు కొట్టడం ప్రమాదం, పైగా చీలి ఇల్లంతా పాకడంలో ఫారో చీమ ఘోస్ట్ చీమకేమీ తీసిపోదు. వీటికి దాదాపు రెండు నెలలు పట్టింది. మధ్యలో వారానికోసారి తీపి ఎర, పల్లీ ఎర పక్కపక్కనే పెట్టి ఏది తింటున్నాయో చూసి అదే కొనసాగించాను.

జాగ్రత్తల విషయంలో మాత్రం నా మాట వినండి. బోరిక్ పొడి చూడటానికి ఉప్పులా, చక్కెర పొడిలా ఉంటుంది. మింగితే పిల్లలకు హాని. వంటింటి డబ్బాల్లో, మంచినీళ్ల సీసాల్లో ఎప్పుడూ పెట్టకండి. మా ఇంటికి ఆడపడుచు రెండేళ్ల బాబుతో వస్తుంది. అందుకే తెరిచి ఉన్న మూతల్లో ఎర పెట్టడం మానేసి మూత బిగించిన డబ్బాలకు మారాను. ప్రతి దాని మీదా ఎర్ర సిరాతో విషం అని రాశాను. కలిపిన సీసా అలమార పై అరలో తాళం కింద ఉంటుంది. సుద్దముక్క కూడా అంతే, పసివాళ్లు దాన్ని బలపం అనుకుంటారు. ఇక పాత ఇళ్ల అటకల మీద ఇప్పటికీ గమాక్సిన్ పొడి డబ్బాలు కనిపిస్తుంటాయి. గమాక్సిన్ అంటే బీహెచ్‌సీ అనే పురుగుమందు, దాన్ని మన దేశంలో 1997లో నిషేధించారు. ఆ జాతికే చెందిన లిండేన్ వాడకం 2013లో ఆగిపోయింది. ఎవరైనా ఊరికే ఇస్తామన్నా ఇంట్లోకి రానివ్వకండి.

ఈ ఎర అన్నిటికీ పనికిరాదు. పెరటి గండు చీమలు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. చెదలకు పనిచేస్తుందా అని పక్కింటివాళ్లు అడిగారు. చెదలు చీమలే కావు, వాటి తిండి వేరు, ఈ నీళ్లు పెట్టి లాభం లేదు.

అత్తమ్మకు మొదట్నుంచీ ఒక బాధ ఉంది. “అవీ బతకాలి కదా బిడ్డా” అనేవారు. రోజూ వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు వేసేది చీమలు తింటాయనే. ఆ మాటను నేను కొట్టివేయలేను. మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం: గడప లోపల ఎర, గడప బయట దేన్నీ ముట్టుకోను. ఆవిడ జామచెట్టు మొదట్లో శనివారాలు చక్కెర కలిపిన రవ్వ చల్లుతారు. దాని వల్ల ఇంట్లోకి రావడం తగ్గిందని చెప్పలేను గానీ, ఆవిడ ఇప్పుడు ఎర డబ్బాల దూది తానే తడుపుతున్నారు.

2026 జనవరి చివర్లో మళ్లీ మేడారం వెళ్లాం. మళ్లీ బంగారం తెచ్చుకుని అదే ఇత్తడి గిన్నెలో, ఈసారి కింద సబ్బు చుక్క వేసిన నీళ్ల పళ్లెంతో పెట్టాం. మూడు రోజులు పూజగది గోడ ఖాళీగా ఉంది. నాలుగో రోజు పొద్దున కిటికీ గట్టు మీద రెండు నల్లటి తలలు అటూ ఇటూ తిరుగుతూ కనిపించాయి. అత్తమ్మ గుడ్డ కోసం వెళ్లలేదు, అలమార తాళం అడిగారు.