ఇంట్లో వద్దంటుంటే ఆర్మీకి: ఇప్పుడే అగ్నివీర్‌గానా, డిగ్రీ అయ్యాక ఆఫీసర్‌గానా?

ఆర్మీ భర్తీ ర్యాలీ నోటిఫికేషన్ పడిన వారం నుంచి నా దగ్గరికి వచ్చే ప్రశ్న ఒక్కటే. "సార్, నాకు వెళ్ళాలనుంది, అమ్మ ఒప్పుకోవట్లేదు. చెప్పకుండా వెళ్ళిపోనా, డిగ్రీ అయ్యేదాకా ఆగనా?" డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ ఎన్‌సీసీ కూడా చూసుకుంటున్నాను కాబట్టి ఇది నాకు ఏటా ఉండేదే. అడిగినవాడి పరుగు, మార్కులు చూసి ఏదో ఒక సలహా చెప్పి పంపేవాణ్ణి. పోయిన ఏడాది ఇదే ప్రశ్న మా అబ్బాయి అడిగాడు. మా ఇంట్లో వద్దన్నది వాళ్ళమ్మ కాదు, నేను. ఊళ్ళో పిల్లలకు అన్నేళ్ళు చెప్పిన మాటలు నా ఇంటికొచ్చేసరికి నాకే రుచించలేదు. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ "చెప్పకుండా వెళ్ళిపోవడం" సంగతి తేల్చేద్దాం. అగ్నివీర్‌కి, అంటే నాలుగేళ్ళ సిపాయి కొలువుకి, పదిహేడున్నర ఏళ్ళకే అర్హత వస్తుంది. కానీ పద్దెనిమిది నిండనివాళ్ళ ఫారం మీద తల్లో తండ్రో సంరక్షకులో సంతకం పెట్టాల్సిందే. పద్దెనిమిది దాటితే ఎవరి సంతకమూ అక్కర్లేదు. అయినా గుట్టుగా సాగే పని కాదిది. ర్యాలీకి పట్టుకెళ్ళే కాగితాల్లో నివాస ధ్రువపత్రం, ప్రవర్తన సర్టిఫికెట్, పెళ్ళి కాలేదన్న సర్టిఫికెట్ ఉంటాయి. సర్పంచ్ చేత ముద్ర వేయించుకుని నువ్వు ఇంటికొచ్చేలోపే ఆ కబురు మీ అమ్మకు చేరిపోతుంది. ఇంకో మాట. ఒకసారి చేరాక నాలుగేళ్ళు నిండకుండా "నాకు వద్దు, వెళ్ళిపోతాను" అంటే కుదరదు. మరీ అసాధారణమైన పరిస్థితి ఉంటే తప్ప వదలరు. ఇంట్లో గొడవపడి వెళ్ళినవాడికి ట్రైనింగ్‌లో మూడో వారానికల్లా ఇల్లు గుర్తొస్తుంది. ఫోన్ చేసి ఏడవడానికైనా అవతల ఒక మనిషి ఉండాలి కదా.

ఇక అసలు పోటీ రెండింటి మధ్యే.

అగ్నివీర్లను తీసుకునే అగ్నిపథ్ పథకం 2022 జూన్‌లో ప్రకటించారు, దాని లెక్కలు చాలామందికి నోటికొచ్చు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, నాలుగో ఏడాదికి 40 వేలు. అందులో 30 శాతం సేవానిధికి కోస్తారు కాబట్టి మొదట్లో చేతికొచ్చేది 21 వేలే. ప్రభుత్వం కూడా అంతే జమచేస్తుంది. నాలుగేళ్ళకు వడ్డీతో కలిపి దాదాపు 11.71 లక్షలు, దానికి పన్ను లేదు. బ్యాచ్‌లో 25 శాతానికి మించకుండా రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవాళ్ళకు పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. సెలవులు ఏడాదికి ముప్పై రోజులు. జీతం కంటే ఈ సెలవుల లెక్కే అమ్మల్ని ఎక్కువ బాధపెడుతుంది, నేను చూశాను.

డిగ్రీ తర్వాత దారి సీడీఎస్, అంటే సైన్యంలో ఆఫీసర్ల కోసం యూపీఎస్‌సీ పెట్టే రాతపరీక్ష. చెన్నైలోని ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)కి 19 నుంచి 25 ఏళ్ళ వాళ్ళు, ఇంగ్లిష్, జీకే రెండే పేపర్లు, లెక్కలు లేవు. ఆడపిల్లలకూ అవకాశం ఉంది. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉండి డిగ్రీలో 50 శాతం మార్కులొస్తే ఆ రాతపరీక్ష కూడా లేకుండా ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో నేరుగా ఎస్‌ఎస్‌బీకి, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు ఇంటర్వ్యూకి, పిలుపు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ట్రైనింగ్‌లోనే నెలకు 56,100 స్టైపెండ్. ఇది పదేళ్ళ షార్ట్ సర్వీసు, ఇంకో నాలుగేళ్ళు పొడిగించుకోవచ్చు. ఇక్కడ ఒక విషయం పిల్లలు దాటవేస్తారు. పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా ఉండే సర్వీసు) రాకపోతే షార్ట్ సర్వీస్ ఆఫీసర్‌కీ పెన్షన్ ఉండదు. "ఆఫీసర్ అయితే జీవితాంతం ఢోకా లేదు" అని అమ్మకు చెప్పి ఒప్పించొద్దు, అది నిజం కాదు.

ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద వేసి చూపిస్తే ఇంట్లోవాళ్ళు మెత్తబడతారని నేనూ అనుకునేవాణ్ణి. మెత్తబడరు. ఎందుకంటే వాళ్ళ "వద్దు" ఏ భయంలోంచి వస్తోందో తెలియకుండా మనం జవాబు చెబుతున్నాం. నా లెక్కలో తేల్చుకోవాల్సింది ముందు అదే.

మా వాణ్ణి వద్దన్నప్పుడు నేను చెప్పిన కారణం ప్రాణభయం. అప్పటికి కొద్ది నెలల ముందే, 2025 మేలో, గోరంట్ల మండలం కల్లి తండా కుర్రాడు మురళీ నాయక్ సరిహద్దులో పాకిస్తాన్ కాల్పులకు బలయ్యాడు. అగ్నివీరే. మావాడు అంతా విని, "ఆఫీసర్‌గా వెళ్తానంటే ఒప్పుకుంటావా నాన్నా?" అన్నాడు. ఒప్పుకుంటానన్నాను, ఆలోచించకుండానే. "అక్కడ తూటాలు రావా?" అన్నాడు.

నోట మాట రాలేదు. 2020లో గల్వాన్‌లో ప్రాణమిచ్చిన మన సూర్యాపేట సంతోష్ బాబు కల్నల్. తన బెటాలియన్‌కి కమాండింగ్ ఆఫీసర్. ప్రమాదం ర్యాంకు చూసి రాదు. మరి నేను భయపడింది దేనికి? ఇరవై మూడేళ్ళకు సంచీ భుజాన వేసుకుని ఇంటికొచ్చి, మళ్ళీ పోలీసు కానిస్టేబుల్ కోచింగ్‌కి వెళ్ళే కొడుకును తలచుకుని. ఇంకా దాచడం ఎందుకు, ఎన్‌సీసీ మాస్టారి కొడుకు సిపాయిగా వెళ్ళాడంటారేమో అన్న చిన్నతనం కూడా నాలో ఉంది. ప్రాణభయం అని చెబితే ఎదురు మాట్లాడలేరని ఆ పేరు పెట్టాను.

అందుకే అడిగే పిల్లలకు ఇప్పుడు ఒకటే చెబుతున్నాను. మా అబ్బాయి వేసిన ప్రశ్నే మీ ఇంట్లోనూ వేయండి: "ఆఫీసర్‌గా అయితే పంపుతారా?" పంపుతామంటే వాళ్ళ భయం నాలుగేళ్ళ తర్వాత ఏంటన్నదే. ఆ భయం అబద్ధం కాదు, దానికి డిగ్రీ చేతిలో ఉండటమే మందు. రెండేళ్ళు ఆగడంలో నష్టం లేదు. "ఎలాగైనా పంపం" అంటే అది నిజంగా ప్రాణభయం. దానికి ఏ దారీ జవాబు కాదు, ఏ జీతమూ జవాబు కాదు. 48 లక్షల బీమా, విధుల్లో పోతే అదనంగా 44 లక్షలు ఇస్తారు అని మాత్రం అమ్మ దగ్గర పొరపాటున కూడా అనకండి. ఒక కుర్రాడు అన్నాడు, వాళ్ళమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అలాంటి ఇంట్లో వాదన పనిచెయ్యదు. ఊళ్ళో రిటైరై వచ్చిన సుబేదారో హవల్దారో ఉంటే, ఆయన్ని కాదు, ఆయన భార్యను తీసుకొచ్చి అమ్మ పక్కన కూర్చోబెట్టండి. పశ్చిమ గోదావరి జిల్లా మిలిటరీ మాధవరంలో తరతరాలుగా కొడుకుల్ని పంపారంటే ఆ ఊరి తల్లులకు భయం లేక కాదు, ఆ భయాన్ని పంచుకోవడానికి పక్కింట్లో ఇంకో తల్లి ఉండబట్టి.

నా మొగ్గు ఆఫీసర్ దారి వైపే అని ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. దానికి ఇంకో కారణం ఎస్‌ఎస్‌బీ. అయిదు రోజుల ఆ ఇంటర్వ్యూలో సైకాలజీ పరీక్షల రోజున మీ గురించి మీరే రాయమంటారు. మీ తల్లిదండ్రులు మీ గురించి ఏమనుకుంటున్నారన్నది అందులో ఒక ప్రశ్న. ఇంట్లో మాటల్లేకుండా వెళ్ళినవాడు అక్కడ అల్లి రాస్తాడు, ఇంటర్వ్యూలో దొరికిపోతాడు. ఇంటితో తేల్చుకోకుండా ఆ గుమ్మం దాటడం కష్టం.

అయితే ఎస్‌ఎస్‌బీలో మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే చాలామందిని వెనక్కి పంపేస్తారు. ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు తడుముకోకుండా మాట్లాడలేనివాణ్ణి "ఆగు, ఆఫీసర్‌వి అవుదువు" అని ఊరించడం పాపం. ఇంట్లో సంపాదన లేక డిగ్రీ సాగదని తెలిసినవాడికీ, ఇరవై దాటి పరుగు బాగున్నవాడికీ అగ్నివీరే నయం. నోటిఫికేషన్‌లో ఇచ్చిన వయసు దాటితే ఆ తలుపు మూసుకుపోతుంది. రాతపరీక్ష ఇప్పుడు తెలుగులోనూ రాయొచ్చు.

ఇంటర్ తర్వాతే ఆఫీసర్ ట్రైనింగ్‌కి తీసుకునే ఎన్‌డీఏ సంగతి అడుగుతారు. ఇంటర్ లెక్కలు గట్టిగా వస్తే రాయండి. చేరేముందు తల్లిదండ్రులు బాండ్ మీద సంతకం చేయాలి కనుక అక్కడ దొంగచాటు దారే లేదు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ అరవై ఏళ్ళ దాకా ఉద్యోగం అని కొందరు తండ్రులు అటు తిప్పుతారు. ఉద్యోగం నిజమే, ప్రమాదం తక్కువన్నది నిజం కాదు.

మావాడు డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాడు. ఎన్‌సీసీ 'బి' అయింది, 'సి' రాయాలి. సీడీఎస్ పుస్తకాలు కొనిచ్చాను. ఈసారి అగ్నివీర్‌కీ దరఖాస్తు పెడతానని ఆ ఫారం ప్రింటు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. పంతొమ్మిదేళ్ళు, నా సంతకం అవసరం లేదు. రెండు రోజులు దాన్ని అటూ ఇటూ జరిపాను. పూర్తి మార్కులకి 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తాలి. వాడికి ఇంకా 5 నిమిషాల 50 సెకన్లు పడుతోంది, రెండో రౌండ్‌లోనే ఊపిరి వదిలేస్తున్నాడు. పొద్దున్నే కాలేజీ గ్రౌండ్‌లో స్టాప్‌వాచ్ నేనే పట్టుకుంటున్నాను.