పద్నాలుగు మంది పిల్లలతో జపాన్‌లో పది రోజులు

తొమ్మిదో తరగతి పిల్లలు పద్నాలుగు మంది, టీచర్లం ఇద్దరం. సాంస్కృతిక మార్పిడి కార్యక్రమం కింద మే నెలాఖరులో జపాన్ వెళ్లొచ్చాం. మళ్లీ వెళ్లమంటే రేపే బయల్దేరతాను, కానీ ఆ టైమ్‌టేబుల్‌తో మాత్రం కాదు. ట్రావెల్ ఏజెన్సీ వాళ్లు వేసిచ్చిన ప్లాన్‌లో ఏడు రోజులు ఊళ్లు చూడటం, మూడు రోజులు బడి. తిరిగొచ్చాక పిల్లల్ని కదిపితే ఆ మూడు రోజుల గురించే గంటలు గంటలు చెప్తున్నారు. బంగారు గుడి సంగతి అడిగితే "బాగుంది టీచర్" అని ఊరుకుంటున్నారు.

సముద్రంలో మట్టి పోసి కట్టిన దీవి మీద ఉన్న కన్సాయ్ విమానాశ్రయంలో దిగాం. ఇమిగ్రేషన్‌లో విదేశీయుల వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు. 16 ఏళ్లు నిండని వాళ్లకు అది అక్కర్లేదు. దాంతో పిల్లల లైను చకచకా కదిలిపోయింది, ముద్రలు వేస్తూ వెనకబడింది మేమిద్దరమే. అవతలి వైపు పద్నాలుగు మంది పెద్దదిక్కు లేకుండా నిలబడ్డారు. అప్పుడు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. ఒక టీచర్ ముందు వెళ్లి, ఒకరు చివర రావాలని ముందే అనుకుని ఉండాల్సింది.

క్యోటోలో మా హోటల్ "స్టేషన్ పక్కనే" అని కాగితం మీద ఉంది. నడిస్తే పాతిక నిమిషాలు పట్టింది. పద్నాలుగు సూట్‌కేసుల చక్రాల మోత ఆ నిశ్శబ్దమైన సందుల్లో ఎలా వినిపించిందో చెప్పక్కర్లేదు. గదులు శుభ్రంగానే ఉన్నాయి, కానీ ఇద్దరికిచ్చిన గదిలో ఒక సూట్‌కేసు తెరిస్తే రెండోది తెరవడానికి చోటు లేదు. రెండో విడత క్యోటోకి వచ్చినప్పుడు దిగిన హాస్టల్ ఇంతకంటే చవక, వంద రెట్లు నయం. చాప గదులు, గోడ అల్మారాలో మడిచిపెట్టిన పరుపులు, ఒక్కో గదికి ఏడుగురు. పొద్దున్నే ఎవరి పరుపు వాళ్లే మడిచి లోపల పెట్టేయాలి. అర్ధరాత్రి దాకా కబుర్లు ఆగలేదనుకోండి, ఆ కబుర్ల కోసమేగా వచ్చింది.

సామాను విషయంలో మమ్మల్ని కాపాడింది తకుహైబిన్ అనే పార్సిల్ సేవ. సూట్‌కేసులు హోటల్ కౌంటర్‌లో అప్పగిస్తే మర్నాటికి తర్వాతి బసలో మనకంటే ముందే ఉంటాయి. వీపున ఒక్క బ్యాగుతో తిరగొచ్చు. బుల్లెట్ రైల్లో మూడు వైపుల కొలతా కలిపి 160 సెంటీమీటర్లు దాటే పెట్టెలకు ముందే సీటుతో పాటు చోటు బుక్ చేసుకోవాలి కాబట్టి, గుంపుగా వెళ్లేవాళ్లకు ఇదే దారి.

క్యోటో సిటీ బస్సుకు ఊళ్లో చాలావరకు ఎక్కడ దిగినా 230 యెన్లు. వెనక తలుపు ఎక్కి, ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి దిగాలి. పదహారు మంది ఒకే బస్సులో పట్టరు, పట్టినా అందులో రోజూ తిరిగే ముసలివాళ్లకు చోటుండదు. రెండు సార్లు మేం రెండు ముక్కలయ్యాం. తర్వాత రైలే నమ్ముకున్నాం. ఫుషిమి ఇనారి గుడికి క్యోటో స్టేషన్ నుంచి రెండో స్టాపు, 150 యెన్లు. ఆ గుడికి టికెట్టు లేదు, తలుపులు మూసే వేళ అంటూ లేదు. పొద్దున్న ఆరున్నరకి వెళితే వేల ఎర్ర తోరణాల కింద మేమే ఉన్నాం. ఎనిమిదిన్నరకి దిగి వస్తుంటే ఎదురుగా జనం గోడలా వస్తున్నారు. కింకాకుజికి, అదే బంగారు గుడికి, మాత్రం మిట్టమధ్యాహ్నం వెళ్లాం, ప్లాన్‌లో అలా ఉంది మరి. 1950లో తగలబడితే 1955లో తిరిగి కట్టిన గుడి అది. ఫొటో తీసుకునే చోట ముప్పై సెకన్లు, ఆ తర్వాత వెనక వాళ్లు నెట్టుకొస్తారు.

నారాకి మాత్రం ఇంకో పూట ఇచ్చి ఉండాల్సింది. అక్కడి తోదైజి గుడిలో కూర్చున్న బుద్ధుడు దాదాపు 15 మీటర్ల ఎత్తు. 752లో ఆ విగ్రహానికి కన్నులు తెరిచే కార్యం జరిపింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. ఆ సంగతి చెప్పగానే అప్పటిదాకా ఐస్‌క్రీం గురించి మాట్లాడుకుంటున్న వాళ్లు ఒక్కసారి తలెత్తి చూశారు. బయట జింకలు. బిస్కెట్లు చూపిస్తే తల వంచి నమస్కారం పెడతాయి, ఆలస్యం చేస్తే చొక్కా లాగుతాయి. ఏజెన్సీ ఇచ్చిన టైమ్‌టేబుల్ కాగితాన్ని ఒక జింక సగం నమిలేసింది. మిగతా సగం నేను లాక్కున్నాను. ఎందుకు లాక్కున్నానా అని తర్వాత అనిపించింది.

అన్నట్టు మే, జూన్ నెలల్లో జపాన్ బడుల విహారయాత్రలన్నీ క్యోటో, నారాల్లోనే ఉన్నట్టుంటాయి. యూనిఫామ్ వేసుకున్న పిల్లలు ఇంగ్లిష్ హోంవర్కు కాగితాలు పట్టుకుని విదేశీయుల్ని ప్రశ్నలడుగుతుంటారు. మా వాళ్లని నలుగురు అమ్మాయిలు ఆపి, మీకిష్టమైన జపాన్ తిండి ఏమిటని అడిగారు. ఏ గుడి దగ్గరా అంతసేపు నిలబడలేదు మా పిల్లలు.

ఇక బడి. బివా సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊళ్లో, హైస్కూలుకి ముందుండే బడి అది. గుమ్మంలో బూట్ల అరలు. బయటి బూట్లు అక్కడ విప్పి లోపలి చెప్పులు వేసుకోవాలి. మా పొడుగు కుర్రాళ్లకు సరిపోయే చెప్పులు దొరక్క మడమలు బయట వేలాడేసుకుని మూడు రోజులు తిరిగారు. మధ్యాహ్నం భోజనం తరగతి గదిలోనే. ఆ వారం వంతు వచ్చిన పిల్లలు తెల్ల కోట్లు, టోపీలు పెట్టుకుని గిన్నెలు మోసుకొచ్చి వడ్డిస్తారు. టీచరు కూడా అదే తిండి, అక్కడే. తర్వాత ఊడవడం, తుడవడం అందరి పని. తడిగుడ్డ నేల మీద పెట్టి రెండు చేతులూ ఆన్చి, వంగి పరుగెత్తుతూ వరండా తుడుస్తారు. మా వాళ్లు పందెం వేసుకుని మొదటి రోజు ముగ్గురు బోర్లా పడ్డారు.

మొదటి గంట మాటలు సాగలేదు. వాళ్లు ఇంగ్లిష్ రాస్తారు, మాట్లాడటానికి సిగ్గు. మా వాళ్లు ఆపకుండా మాట్లాడతారు, అవతలి వాళ్లకి అర్థమైందో లేదో చూడరు. ఇద్దరూ ఫోన్‌లో అనువాదం యాప్ తెరిచి దాని వైపే చూస్తూ కూర్చున్నారు. రెండో రోజు మేం ఫోన్లు తీసేసుకుని పేర్లు రాసే ఆట పెట్టాం. వాళ్ల పేర్లు తెలుగు అక్షరాల్లో మా పిల్లలు, మా పేర్లు కతకనాలో, అంటే విదేశీ పేర్లు రాసే వాళ్ల లిపిలో, వాళ్లు. వాళ్ల పేర్లలోనూ చాలావరకు చివర అచ్చే వినిపిస్తుంది కాబట్టి తెలుగులో చక్కగా ఒదిగాయి. మన పేర్లకే కష్టం వచ్చింది. జపనీస్‌లో ల లేదు, అంతా ర. లలిత అయితే రరిత, లక్ష్మి అయితే రకుషుమి. గది గదంతా నవ్వులు. ఆ తర్వాత ఇంక ఎవరికీ ఫోన్ అవసరం రాలేదు.

రెండు రాత్రులు ఇళ్లలో బస, ఇంటికి ఇద్దరు చొప్పున. స్నానం సంగతి పిల్లలకు బయల్దేరేముందే చెప్పాలి, మేం సరిగ్గా చెప్పలేదు. ముందు బయట కూర్చుని ఒళ్లు రుద్దుకుని కడుక్కోవాలి, ఆ తర్వాతే వేడినీళ్ల తొట్టిలో దిగాలి. ఇంటిల్లిపాదికీ అవే నీళ్లు. ఒక ఇంట్లో అతిథి కాబట్టి మా పిల్లల్లో ఒక అమ్మాయికి మొదటి వంతు ఇచ్చారు. ఆ పిల్ల స్నానం ముగించి, శుభ్రం చేసి రావాలన్న బుద్ధితో బిరడా లాగేసింది. ఇంకా నలుగురు చేయాల్సిన నీళ్లు కాలవలోకి పోయాయి. ఆ ఇంటావిడ ఏమీ అనలేదు, నవ్వుతూ మళ్లీ నింపుకుంది. మర్నాడు స్నేహితురాలి ఇంట్లో పద్ధతి విన్నాకగానీ తను చేసిందేమిటో ఈ పిల్లకి తెలియలేదు. ఏడుపొక్కటే తక్కువ.

తిండి దగ్గర ఐదుగురు శాకాహారులతో తిప్పలు పడ్డాం. అక్కడ సూపు, సాస్, ఉడికించిన కూర, అన్నింట్లోనూ ఎండు చేప తరుగుతో కాచిన దాషి అనే రసం ఉంటుంది. "మాంసం లేదు" అంటే నిజంగానే లేదు, చేప వాళ్ల లెక్కలో వేరు. ఏజెన్సీ తెప్పించిన వెజ్ డబ్బాల మీదే చేప తరుగు చల్లి ఉంది. "మాంసం, చేప, దాషి మూడూ తినను" అని జపనీస్‌లో రాయించిన చీటీ ఒక్కొక్కరి జేబులో పెట్టాక కాస్త నయమైంది. ఒక గుడిలో పెట్టిన షోజిన్ ర్యోరి, అంటే బౌద్ధ సన్యాసుల భోజనం, ఆ ఐదుగురూ నిశ్చింతగా తిన్న పూట.

హిరోషిమాకి క్యోటో నుంచి బుల్లెట్ రైల్లో సుమారు గంటా నలభై నిమిషాలు. దేశమంతా తిరిగే ఏడు రోజుల రైలు పాస్ 2023 అక్టోబరులో 29,650 నుంచి 50,000 యెన్లకు పెరిగింది. మాలాగా ఒక్క దూర ప్రయాణమే ఉంటే విడి టికెట్లే మేలు. శాంతి మ్యూజియంలో పెద్దలకు 200 యెన్లు, మా పిల్లల వయసు వాళ్లకు ఉచితం. లోపల తుప్పు పట్టిన మూడు చక్రాల సైకిల్ ఒకటుంది, దాన్ని తొక్కిన పిల్లాడికి మూడేళ్లు. దాని ముందు మా వాళ్లు కదల్లేదు. బయట, అణుబాంబు తెచ్చిన జబ్బుతో కాగితపు కొంగలు మడుస్తూ చనిపోయిన సదాకో ససాకి అనే అమ్మాయి జ్ఞాపకంగా 1958లో నిలిపిన పిల్లల స్మారకం దగ్గర తాము మడిచిన కాగితపు కొంగల దండ కట్టి వచ్చారు. ఆ వెంటనే, గంటలోపే, మియాజిమా దీవికి పడవ ఎక్కాలని ప్లాన్. సముద్రంలో నిలబడ్డ ఆ తోరణం అందమైనదే. పడవలో ఒక్కరూ మాట్లాడలేదు, ఫొటోలూ తీయలేదు. ఆ రోజు హిరోషిమా నదీ తీరాన ఊరికే కూర్చోబెట్టి ఉండాల్సింది.

ఒసాకా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. షాపింగ్.

శీతాకాలంలో ఆ బడి పిల్లలు మా దగ్గరికి వస్తున్నారు. ఇళ్లలో బస ఇచ్చేవాళ్లు పేర్లివ్వమని నోటీసు పెట్టగానే మొదట వచ్చింది బిరడా లాగిన అమ్మాయి. "టీచర్, మా ఇంట్లో బకెట్టూ మగ్గే ఉన్నాయి, పర్వాలేదా?" అని అడిగింది.