రాజ్మా ప్యాకెట్ మీది ఒమేగా-3: వండి చూశాక

మా వీధి చివరి సూపర్‌మార్కెట్‌లో ఇటీవల అరకిలో ఎర్ర రాజ్మా కొన్నాను. ప్యాకెట్ ముందువైపు ‘ఒమేగా-3 పుష్కలం’ అని బంగారు రంగు అక్షరాలు మెరుస్తుండగా, వెనుక పోషక విలువల పట్టికలో వంద గ్రాములకు మొత్తం కొవ్వు 1.1 గ్రాములని కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనిపించనంత చిన్నగా అచ్చయి ఉంది. ఒమేగా-3 అంటే కొవ్వులో ఉండే ఒక రకం ఆమ్లం, కానీ ఆ కొవ్వులో ఏ ఆమ్లం ఎంతో మాత్రం ఎక్కడా రాయలేదు.

ముందువైపు మాట పూర్తిగా అబద్ధమని అనలేను. రాజ్మా కొవ్వులో మూడో వంతు దాకా ఒమేగా-3 జాతికి చెందిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే ఉంటుంది. ఒమేగా-6 అయిన లినోలెయిక్ ఆమ్లం దానికన్నా తక్కువ. గింజల్లో ఇది అరుదైన గుణమే, ఎందుకంటే సోయా కొవ్వులో లినోలెయిక్ సగానికి పైగా ఉంటే ఆల్ఫా లినోలెనిక్ ఏడెనిమిది శాతమే ఉంటుంది, ఇక శనగల్లోనైతే అది నామమాత్రం. చిక్కంతా మోతాదులోనే ఉంది. ఒక మనిషికి వండే నలభై గ్రాముల ఎండు రాజ్మాలో దొరికే ఒమేగా-3 సుమారు 0.14 గ్రాములు కాగా, అమెరికా ప్రమాణాల ప్రకారం పురుషులకు రోజుకు 1.6 గ్రాములు, స్త్రీలకు 1.1 గ్రాములు కావాలి. కొవ్వే ఇరవై శాతం ఉండే సోయా గింజలు, అందులో ఒమేగా-3 వాటా తక్కువే అయినా, అంతే బరువుకు మూడు రెట్లకు పైగా ఇస్తాయి. పైగా నేను తాలింపులో వేసిన ఒక్క చిన్న చెంచా పొద్దుతిరుగుడు నూనెలోనే నాలుగున్నర గ్రాముల కొవ్వు ఉంది, అందులో ఒమేగా-3 దాదాపు శూన్యం. అంటే గింజ తెచ్చిన ఒమేగా-3, ఒమేగా-6 నిష్పత్తి మూకుడులోనే తలకిందులైపోయింది. మన మినుముల కొవ్వులో కూడా ఆల్ఫా లినోలెనిక్ వాటా పెద్దదేనని ఈ సందర్భంగా చెప్పాలి, అయినా ఇడ్లీ పిండికి ఎవరూ బంగారు అక్షరాలు అద్దలేదు.

వంట విషయానికి వస్తే సరుకు మంచిదే. రాళ్లు లేవు, పుచ్చులు రెండే కనిపించాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో ఆరు విజిల్స్ రానిస్తే గింజ పగలకుండా, వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా నలిగేంతగా ఉడికింది. కొవ్వు ఇంత తక్కువైనా పులుసు చిక్కబడిందంటే అది పిండిపదార్థం చలవే. ప్యాకింగ్ తేదీ చూసి కొనండి, పాత గింజలు ఎన్ని విజిల్స్ వచ్చినా లోపల పలుకుగానే మిగులుతాయి.

రుచికి, ఉడుకుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. ముందువైపు రాతకు ఒకటే, అదీ నిష్పత్తి వరకు నిజం చెప్పినందుకు.