చెక్‌లిస్టు, హారన్, ఎలక్ట్రానిక్ తెర: టేకాఫ్‌కు ముందు ఏది మేలు?

టేకాఫ్‌కు ముందు పైలట్ చేసే పొరపాటును పట్టుకోవడానికి కాక్‌పిట్‌లో ముఖ్యంగా మూడు ఏర్పాట్లు ఉంటాయి. ఒకరు చదువుతుంటే మరొకరు చూసి బదులు చెప్పే చెక్‌లిస్టు ఒకటి. విమానాన్ని సిద్ధం చేయకుండానే ఇంజన్ల శక్తి పెంచితే మోగే హారన్ మరొకటి. మీటల స్థితిని తానే గమనించే ఎలక్ట్రానిక్ చెక్‌లిస్టు మూడోది. ఒక్కదాన్నే ఎంచుకోమంటే నేను చదివి బదులు చెప్పే పద్ధతినే ఎంచుకుంటాను. అయితే బదులు చెప్పేవారి కన్ను పరికరం మీద ఉండి తీరాలి.

హారన్‌కు అలసట ఉండదు, అది కబుర్లలో పడదు. దాని బలం అదే. విమానం నేల మీది నుంచి లేచే వేగంలో రెక్కలకు కావలసినంత లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, రావాలంటే చాలా విమానాల్లో రెక్కల అంచున ఉండే ఫ్లాప్‌లనే పలకలను కొంత దించాలి. దించకుండా పరుగు మొదలుపెడితే హారన్ మోగాలి. 1987 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో నార్త్‌వెస్ట్ 255వ విమానంలో అది మోగలేదు. ఆ హెచ్చరిక వ్యవస్థకు కరెంటు అందలేదు. విమానాన్ని రన్‌వే వైపు నడిపేటప్పుడు చదవాల్సిన టాక్సీ చెక్‌లిస్టును పైలట్లు చదవనే లేదు. మొత్తం 156 మంది చనిపోయారు, విమానంలో ఉన్నవారిలో నాలుగేళ్ల పాప ఒక్కతే బతికింది. 2008 ఆగస్టు 20న మాడ్రిడ్‌లో అదే రకం విమానం, ఎండీ-82, మళ్లీ ఫ్లాప్‌లు దించకుండానే బయలుదేరింది. అప్పుడూ హారన్ మూగబోయింది. 154 మంది పోయారు.

సరే, మోగితే మాత్రం వింటారా? 1999 ఆగస్టు 31న బ్యూనస్ ఎయిర్స్‌లో లాపా సంస్థ బోయింగ్ 737లో హారన్ మోగుతూనే ఉంది, పైలట్లు పరుగు ఆపలేదు. పైగా హారన్ ఏదో తప్పు జరిగిందని చెబుతుంది గానీ ఆ తప్పేమిటో చెప్పదు. 2005లో హీలియోస్ 522వ విమానం గాలిలోకి లేచాక క్యాబిన్‌లో గాలి పీడనం తగ్గుతోందని హారన్ మోగింది. ఆ మోడల్‌లో టేకాఫ్ హెచ్చరికకూ అదే శబ్దం. పైలట్లు పొరబడ్డారు. 121 మంది ప్రాణాలు పోయాయి.

అలాగని చెక్‌లిస్టు చదివితే చాలనీ అనలేను. 1988లో డల్లాస్‌లో డెల్టా 1141వ విమానంలో ఫ్లాప్‌ల వంతు వచ్చినప్పుడు, సరిగ్గా ఉన్నాయన్న బదులు ఠక్కున వచ్చింది. నిజానికి అవి దిగలేదు. నోరు అలవాటు కొద్దీ పలికింది, కన్ను చూడలేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేసేది 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు కురుస్తుండగా బయలుదేరిన ఎయిర్ ఫ్లోరిడా 90వ విమానం. చెక్‌లిస్టులో ఇంజన్ యాంటీ-ఐస్, అంటే ఇంజన్‌లో మంచు పేరకుండా చూసే ఏర్పాటు, అన్న మాట వచ్చింది, ఆఫ్ అన్న బదులూ వచ్చింది. అంత మంచులో ఆ స్విచ్ ఆన్‌లో ఉండాలి. అది ఆఫ్‌లో ఉండటంతో ఇంజన్ ముందుభాగంలోని పీడనం కొలిచే గొట్టం మంచుతో గడ్డకట్టి, థ్రస్ట్ (ఇంజన్ ముందుకు తోసే బలం) చూపే డయల్ తప్పు చూపింది. ముల్లు 2.04 దగ్గర నిలిచినా అసలు థ్రస్ట్ దాదాపు 1.70కి సరిపడేంతే. అయితే పక్కనున్న డయళ్లు, అంటే ఇంజన్ వేగం, ఉష్ణోగ్రత, ఇంధన ప్రవాహం చూపేవి, తక్కువే చూపుతున్నాయి. కో-పైలట్‌కు అనుమానం వచ్చింది, పైకి అన్నాడు కూడా. కెప్టెన్ ఆపలేదు. విమానం వంతెనను ఢీకొని పోటోమాక్ నదిలో పడింది. 78 మంది చనిపోయారు.

ఇప్పుడు బోయింగ్ 777 లాంటి విమానాల్లోని ఎలక్ట్రానిక్ చెక్‌లిస్టు సంగతి చూద్దాం. అందులో చాలా వరుసలు మీట నిజంగా సరైన చోట ఉంటేనే ఆకుపచ్చగా మారతాయి. డల్లాస్‌లో వచ్చినలాంటి ఉత్తుత్తి బదులు అక్కడ చెల్లదు. ఫ్లాప్‌ల వంటి వాటి విషయంలో ఇదే మేలని ఒప్పుకుంటాను. కానీ సెన్సరే తప్పు చెబితే, మనిషే తప్పు అంకె ఇస్తే తెర ఏం చేయగలదు? 2009 మార్చిలో మెల్‌బోర్న్‌లో ఎమిరేట్స్ 407వ విమానం టేకాఫ్ లెక్కల్లో బరువు 362.9 టన్నులకు బదులు 262.9 అని పడింది. అందుకు తగ్గట్టే తక్కువ వేగాలు, తక్కువ థ్రస్ట్ వచ్చాయి. తోక రన్‌వేకు రాసుకుంది. అదృష్టవశాత్తు గాలిలోకి లేచి, క్షేమంగా తిరిగి దిగగలిగారు.

అందుకే మీటల తనిఖీ తెరకు అప్పగించినా, అంకెలనూ డయళ్లనూ ఇద్దరు మనుషులు విడివిడిగా చూసి పోల్చుకోవాలంటాను. పరుగులో బోయింగ్ విమానాల్లో 80 నాట్ల (విమాన వేగాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర, ఎయిర్‌బస్‌లలో 100 దగ్గర ఇద్దరూ తమ తమ వేగసూచికలను సరిచూసుకోవడం ఈ పద్ధతే. 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్‌లో బిర్గెన్‌ఎయిర్ విమానం కెప్టెన్ తన సూచిక పనిచేయడం లేదని ఆ పరుగులోనే గుర్తించి, అయినా ముందుకే వెళ్లాడు. 189 మంది మరణించారు. ఆ వేగంలో బ్రేకు వేసి ఆగడానికి రన్‌వే ఇంకా చాలా మిగిలే ఉంటుంది.