గోల్డా, గ్రీనా?
పరిశోధన పేపర్‌ను అందరూ ఉచితంగా చదివేలా ఉంచడమే ఓపెన్ యాక్సెస్. దానికి రెండు ముఖ్యమైన దారులు: గోల్డ్, గ్రీన్. గోల్డ్‌లో పేపర్ జర్నల్‌లో వెలువడిన రోజే ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. చాలా జర్నళ్లలో ఆ ఖర్చు మాత్రం రచయితదే. 2021లో నేచర్ జర్నల్ ఈ వీలు కల్పించినప్పుడు అడిగిన రుసుము 9,500 యూరోలు! ఫెలోషిప్ మీద బతికే పీహెచ్‌డీ విద్యార్థి అంత ఎక్కడి నుంచి తెస్తారు?

గ్రీన్‌కు రుసుము లేదు. తోటి నిపుణుల రివ్యూ పూర్తయి ఆమోదం పొందిన మీ వర్డ్ ఫైలును యూనివర్సిటీ రిపాజిటరీలో (పేపర్లు దాచే ఆన్‌లైన్ భండారంలో) పెట్టడమే. భౌతికశాస్త్రం వాళ్లు 1991 నుంచి ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ భండారంలో ప్రీప్రింట్లు, అంటే జర్నల్ రివ్యూకు ముందటి ప్రతులు, పెడుతూనే ఉన్నారు. చిక్కల్లా ఎంబార్గోతోనే: కొన్ని జర్నళ్లు ఆర్నెల్లో ఏడాదో ఆగమంటాయి. జర్నల్ వాళ్లు పేజీలు దిద్ది, లోగో వేసిన పీడీఎఫ్ పెట్టడానికి చాలాచోట్ల ఒప్పుకోరు కూడా.

గ్రాంటులో ప్రచురణకు డబ్బుంటే గోల్డ్ మంచిదే. లేదంటే అప్పు చేయొద్దు, గ్రీన్‌కే వెళ్లండి. ఆమోదం మెయిల్ వచ్చిన రోజే ఆ వర్డ్ ఫైలు విడిగా దాచుకోండి.